గాజు కప్పల ధ్రువపత్రంలో మూడో గడి

నా పదవీ విరమణకు పదకొండు నెలల ముందు, జూలై రెండవ వారంలో ఒక మంగళవారం ఉదయం, విశాఖ ఓడరేవులో పట్టుబడిన ఏడు కప్పలను గుర్తించి ధ్రువపత్రం ఇవ్వవలసిందిగా నాకు ఉత్తర్వు అందింది. అప్పటికి తొమ్మిదేళ్లుగా ఈ నగరంలో జంతు నమూనాలను భద్రపరిచే ఒక ప్రభుత్వ కేంద్రానికి అధిపతిగా ఉన్నాను. కేంద్రం పేరు ఇక్కడ అవసరం లేదు. ఈ ఉదంతంలో తప్పు కేంద్రానిది కాదు, నాది.

మా వృత్తి బయటివారికి కొంత విచిత్రంగా తోస్తుంది. ఒక ప్రాణి దొరికితే దాని కుటుంబం, ప్రజాతి, జాతి ఏవో తేల్చి, చీటీ రాసి, దారంతో కాలికి కట్టి, ఆల్కహాల్, మా వాడుకలో సారాయి, ఉన్న సీసాలో పెడతాము. పులి అనేది జాతి. పులినీ సింహాన్నీ కలిపి చెప్పేది ప్రజాతి. పిల్లిని కూడా చేర్చుకునేది కుటుంబం. కప్పల లెక్క కూడా అంతే. చీటీ లేని నమూనా మాకు నమూనా కాదు. చీటీలో వివరాల వరుస తప్పినా నేను తిరిగి రాయించేవాణ్ణి. నా కింద పనిచేసినవారు దీన్ని చాదస్తం అనుకున్నారని నాకు తెలుసు. చాదస్తం లేనివాడు ఈ పనికి రాకూడదని నేను అనుకున్నాను.

ఓడరేవులోనో విమానాశ్రయంలోనో జంతువులు పట్టుబడినప్పుడు ఇచ్చే ధ్రువపత్రానికి అంతకుముందు ఒక పద్ధతి ఉండేది కాదు. ఎవరికి తోచినట్టు వారు తెల్లకాగితం మీద రాసేవారు. నేను వచ్చిన రెండో ఏడు దానికి ఒక నమూనా పత్రం తయారుచేశాను. అందులో నాలుగు గడులు. మొదటి గడిలో వర్గీకరణ, అంటే ప్రాణి పేరు. రెండో గడిలో సంఖ్య. మూడో గడిలో స్థితి: సజీవమా, మృతమా. నాలుగో గడిలో సిఫారసు. ఒక గడి నిండకుండా తరువాతి గడిలో కలం పెట్టరాదని పత్రం అడుగున రాయించాను. పై కార్యాలయం దాన్ని మెచ్చుకుని ఇతర కేంద్రాలకు కూడా పంపింది. ఈ సంగతి చెప్పడం గొప్ప కోసం కాదు. తరువాత జరిగినదంతా ఆ వరుస వల్లనే జరిగింది.

ఆ రోజు నాతో వచ్చినవాడు పైడిరాజు, మా ప్రయోగశాల అటెండెంట్. పద్మనాభం మండలంలోని ఒక పల్లె నుంచి రోజూ బస్సులో వచ్చేవాడు. వయసులో నాకంటే రెండేళ్లు చిన్న. కళాశాలల్లో విద్యార్థులు కప్పలను కోసి నేర్చుకునే రోజుల్లో, వానలు పడగానే తండ్రితో కలిసి వరి మళ్లలో కప్పలు పట్టి, తడి గోనెసంచుల్లో నగరానికి తెచ్చి ఇచ్చేవాడట. కోతలు నిషేధించాక ఆ పని పోయింది. మా కేంద్రంలో దినకూలీగా చేరి, కాలక్రమంలో ఖాయమయ్యాడు. లాటిన్ పేర్లు పలకలేడు గాని, ఏ సీసా ఏ అరలో ఉందో చీకట్లో కూడా చెప్పగలడు.

కప్పలు దొరికింది దక్షిణ అమెరికా నుంచి బొగ్గు తెచ్చిన ఒక నౌకలో. తనిఖీ బృందం ఒక నావికుడి గదిలో మంచుపెట్టెను తెరిస్తే, మంచుసంచుల నడుమ అరచేతిలో ఇమిడే ఏడు పారదర్శక ప్లాస్టిక్ డబ్బాలు కనిపించాయి. ఒక్కొక్క దానిలో కొద్దిగా తడి నాచు, ఒక ఆకు, ఒక కప్ప. ఇలాంటి కప్పలను ఇంట్లో పెంచుకునే సరదా విదేశాల్లోనూ మన పెద్ద నగరాల్లోనూ పెరిగింది. అనుమతి పత్రం లేకుండా వాటిని దేశాలు దాటించడం నేరం.

ఓడరేవు లోపల ఒక గోదాము పక్కనున్న గదిలో మా కోసం బల్ల వేశారు. కిటికీ అద్దం మీద బొగ్గు దుమ్ము ఎంత మందంగా పేరుకుందంటే, పదకొండు గంటలకు కూడా ట్యూబులైటు వెలిగించవలసి వచ్చింది. బయట ఒక ఏసీ వాహనం ఇంజను ఆపకుండా నిలబడి ఉంది. మేము లోపలికి వెళ్తుంటే దాని డ్రైవరు పైడిరాజును పలకరించాడు. ఇద్దరిదీ ఒకే ప్రాంతమని మాట తీరు బట్టే తెలిసింది.

“ఏటి బావా, గోరంత కప్పలకి ఇంత పెద్ద ఏసీ బండా?”

“నీకేటి బాధ? ఆటి పున్యాన నువ్వూ సల్లగా కూకున్నావు కదా,” అన్నాడు పైడిరాజు.

తనిఖీ అధికారిణి సుధారాణి గారు పద్ధతి తెలిసిన మనిషి. పంచనామా సిద్ధం చేసి, సాక్షులిద్దరినీ కూర్చోబెట్టి ఉంచారు. నాకు విషయం స్పష్టంగా చెప్పారు. కప్పలు బతికి ఉన్నాయని నేను రాస్తే, బయటనున్న వాహనం వెంటనే వాటిని జంతు సంరక్షణ కేంద్రానికి తీసుకుపోతుంది. అక్కడ చల్లని గది సిద్ధంగా ఉంది. ఆ దేశం ఒప్పుకుంటే వెనక్కి కూడా పంపవచ్చు. చనిపోయాయని రాస్తే, అవి సాక్ష్యపు వస్తువులుగా నా సీసాలలోకి వస్తాయి. “ఈ ఎండకి మంచు ఎంతసేపో ఆగదు సార్. మీరు ఏది రాస్తే అదే,” అన్నారామె. ఆ ఏడు ప్రాణాలు నా మూడో గడి మీద ఆధారపడి ఉన్నాయన్న సంగతి నాకు తెలియక కాదు.

గాజు కప్ప అంటే ఏమిటో ఇక్కడ కొంత చెప్పాలి. సెంట్రోలెనిడే అనే కుటుంబానికి చెందిన ఈ కప్పలు మన ఖండంలో ఎక్కడా లేవు. మధ్య, దక్షిణ అమెరికాల వాన అడవుల్లో, వాగుల మీదికి వంగిన ఆకులపై ఉంటాయి. పగలు ఆకు అడుగున అంటుకుని నిద్రపోయి, పొద్దుపోయాక మేలుకుంటాయి. వీపు లేత ఆకుపచ్చ. పొట్ట కింది చర్మానికి మాత్రం రంగు ఉండదు. దాని గుండా లోపలి అవయవాలు అద్దంలోంచి చూసినట్టు కనిపిస్తాయి. ఈ కుటుంబాన్ని ఇతర చెట్టుకప్పల నుంచి వేరుచేసేవి ఎముకలు. వేళ్ల కొనల్లోని ఎముక ఇంగ్లీషు టీ అక్షరం ఆకారంలో ఉంటుంది. చీలమండలోని రెండు పొడవాటి ఎముకలు అతుక్కుని ఒకటైపోయి ఉంటాయి.

కుటుంబం లోపల రెండు ఉపకుటుంబాలు. ఒకదానిలోని కప్పల ఎముకలు తెల్లనివి. వాటిలో కొన్ని జాతులకు గుండె మీది పొర కూడా పారదర్శకమే కాబట్టి గుండె కొట్టుకోవడం బయటికే తెలుస్తుంది. రెండో ఉపకుటుంబంలో చాలా వాటికి ఎముకలు ఆకుపచ్చగా ఉంటాయి. పైత్యరసంలో ఉండే వర్ణకమే ఆ రంగుకు కారణం. పొట్ట ముందుభాగాన్ని ఒక తెల్లని పొర కప్పి ఉంచడం వల్ల గుండె కనిపించదు. ఇందులో కొన్ని ప్రజాతుల మగకప్పలకు భుజం ఎముక మీద కొక్కెం వంటి ముల్లు ఉంటుంది. ఒకదానితో ఒకటి కలబడినప్పుడు వాడుకునేది. ఇదంతా నాకు కంఠస్థం. కాని బతికిన గాజు కప్పను నేను అంతకుముందు చూడలేదు. వేరే కేంద్రంతో ఎప్పుడో జరిగిన నమూనాల మార్పిడిలో వచ్చిన రెండు కప్పలు మా అరలో ఉండేవి. సారాయిలో ఏళ్ల తరబడి నానినందువల్ల వాటి ఆకుపచ్చదనం వీపు మీదా ఎముకలలోనూ ఏనాడో పోయింది. రెండూ పాలిపోయిన మైనం రంగులో ఉండేవి. నా మనసులోని గాజు కప్ప ఆ రంగుదే.

విదేశీ కప్పల మీద ఒక ప్రాణాంతకమైన శిలీంధ్రం ఉండే ప్రమాదం ఉంది. అది మన వాగుల్లోకి చేరకూడదని, పరీక్ష ముగిసేదాకా డబ్బాలు తెరవరాదన్నది నియమం. అందువల్ల ఒక్కొక్క డబ్బాను పైకెత్తి, అడుగు నుంచి భూతద్దంతో చూశాను. డబ్బాల లోపల ఆవిరి చుక్కలు పట్టి ఉన్నాయి. కప్పలు మూతకో గోడకో అంటుకుని, చేతులు ఛాతీ కిందికి మడిచి, కదలకుండా ఉన్నాయి.

నేను నా పత్రం ప్రకారమే నడిచాను. మొదటి గడి వర్గీకరణ. భుజం మీద ముల్లు కోసం వెదికాను. ఏడింటిలో ఒక్కదానికీ కనిపించలేదు. కనుక ఇవి తెల్లని ఎముకల ఉపకుటుంబానికి చెందినవని నిశ్చయించి, గుండె బయటికి కనిపించే ఒక ప్రజాతి పేరు రాశాను. రెండో గడిలో ఏడు అని రాశాను. ఆ తరువాత మూడో గడికి వచ్చాను. నేను రాసిన ప్రజాతిలో గుండె కనిపించాలి. ఇక్కడ ఏ గుండే కనిపించడం లేదు. రక్తనాళాలలో ఎరుపు ఉండాలి. ఒక్క ఎర్రని చార కూడా లేదు. ఎముకలు తెల్లగా ఉండాలి. ఇవి పచ్చబారి ఉన్నాయి. మాంసం కుళ్లడం మొదలైతే లోపల అలాంటి పచ్చదనం వస్తుందని నా అనుభవం. గోరుతో డబ్బా మీద కొట్టి చూశాను. చలనం లేదు. మంచులో బిగుసుకున్న కప్ప తట్టగానే కదలదన్నది నాకు తెలియనిది కాదు, ఆ క్షణంలో నేను ఆలోచించనిది.

సుధారాణి గారు ఒక సీసా చూపించారు. అందులో అరటిపండు గుజ్జు మీద చిన్న ఈగలు ముసురుతున్నాయి. నిన్న రాత్రి కూడా ఈ ఈగలను కప్పలకు వేశానని నావికుడు చెబుతున్నాడట. నిందితుడు తనకు అనుకూలంగానే చెబుతాడని నేను జవాబిచ్చాను. డబ్బాల్లో ఒక్క ఈగ కూడా లేదని గమనించి, ఆహారపు ఆనవాళ్లు లేవని పత్రం అంచున రాశాను. వేసిన ఈగలన్నీ తింటే కూడా డబ్బా అలాగే ఖాళీగా ఉంటుంది.

కలం మూడో గడి మీద ఉండగా పైడిరాజు నా కుర్చీ పక్కకు వచ్చాడు.

“సార్, ఒక్క మాటండి. ఇయి సచ్చిపోనేదండి. తొంగున్నాయి.”

ఎలా చెప్పగలవని అడిగాను.

“సచ్చిన కప్ప కాళ్లు బారసాపుతాదండి. నాను ఎన్ని సూడనేదేటి? ఈటిని సూడండి, సలేసినోడు దుప్పట్లో ముడుసుకున్నట్టు కాళ్లూ సేతులూ ముడుసుకున్నాయి.”

అతను చూసినవి పొలం కప్పలనీ, ఇది వేరే కుటుంబమనీ చెప్పాను.

“కుటుంబం ఏదైతే ఏటండి, నిద్ర నిద్రే కదండి. ఒకపాలి సాయంత్రం దాకా ఆగి సూడండి.”

సాక్షులలో ఒకరు నవ్వారు. నాకు ఆ నవ్వు నచ్చలేదు. పైడిరాజుతో, “నీ పని పెట్టె మోయడం. నా పని నన్ను చేయనివ్వు,” అన్నాను. అతను అలాగేనండి అని గోడ దగ్గరికి వెళ్లి నిలబడ్డాడు. నేను మృతం అని రాసి, నాలుగో గడిలో తక్షణ భద్రీకరణకు సిఫారసు చేసి, సంతకం పెట్టి, కార్యాలయ ముద్ర వేశాను. సమయం పదకొండు గంటల ఇరవై అయిదు నిమిషాలు. సుధారాణి గారు పత్రం రెండుసార్లు చదివి, బయటికి వెళ్లి వాహనాన్ని పంపేశారు.

చనిపోయిన కప్పలను ఈ ఊరి ఉక్కపోతలో ఎక్కువసేపు ఉంచితే లోపలి అవయవాలు చెడిపోతాయి. వెంటనే ఫార్మలిన్ పట్టించాలి. ఫార్మలిన్ మాంసాన్ని గట్టిపరిచి, కుళ్లకుండా ఆపుతుంది. పన్నెండున్నరకు మా ప్రయోగశాల చేరాము. దారిపొడుగునా పైడిరాజు మంచుపెట్టెను నేల మీద పెట్టకుండా ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. శిలీంధ్రం నియమం వల్ల డబ్బాలు తెరవకుండానే, మూతకున్న గాలిరంధ్రం గుండా సిరంజితో ఫార్మలిన్ నింపాలని నిర్ణయించాను. సిరంజి సిద్ధం చేసి పైడిరాజుకు అందించబోతే అతను చేయి చాపలేదు.

“నా సేత్తో ఎయ్యలేనండి. మీరే ఎయ్యండి. నాను డబ్బాలు అందిత్తాను.”

నా కింద పనిచేసిన తొమ్మిదేళ్లలో అతను నా మాట కాదనడం అదొక్కసారే. దాన్ని క్రమశిక్షణా రాహిత్యంగా మనసులో నమోదు చేసుకుని, పని నేనే మొదలుపెట్టాను. ఒకటో డబ్బా నింపి పక్కన పెట్టాను. రెండోది నింపాను. మూడోది నింపి, నాలుగో దాని కోసం చేయి చాపాను. డబ్బా రాలేదు.

“సార్, ఒకటో డబ్బా సూడండి,” అన్నాడు పైడిరాజు. గొంతు పెంచలేదు.

చూశాను. కప్ప పొట్ట ముందున్న తెల్లని పొర అంచు కింద నుంచి సన్నని ఎర్రని గీత ఒకటి బయలుదేరింది. చూస్తుండగానే అది రెండుగా చీలి భుజాలలోకి పాకింది. మరొకటి వెన్ను వెంట దిగి తొడలలోకి, పిక్కలలోకి, వేళ్ల సందుల్లోకి వెళ్లింది. అంతవరకు నీటిలా ఉన్న దేహంలో రక్తనాళాల పటమంతా ఒకటిన్నర నిమిషంలో తయారైంది. శిక్షణకు వచ్చేవారికి ముప్పై ఏళ్లుగా నేను నల్లబల్ల మీద ఎర్ర సుద్దతో గీసి చూపిన పటమే అది. తరువాత కప్ప కాళ్లు చాపి మూతను తన్నింది. చేయి విడివడినప్పుడు భుజం ఎముక మీది కొక్కెం చర్మం కింద స్పష్టంగా కనిపించింది. ఎముకలన్నీ ఆకుపచ్చగా ఉన్నాయి. అది కుళ్లు కాదు. ఆ ఉపకుటుంబపు కప్ప ఎముకకు ఉండవలసిన రంగే అది.

దాని సరైన ప్రజాతి నాకు అప్పుడు తెలిసింది.

నియమం సంగతి మరచి మూడు డబ్బాల మూతలూ తీశాము. పైడిరాజు చేతి తొడుగులు లేకుండానే కప్పలను చల్లని నీళ్లలోకి మార్చాడు. నీళ్లు మారుస్తూ పోయాము. ఫార్మలిన్ చర్మం ద్వారా ఎంత వేగంగా లోపలికి చేరుతుందో నాకు తెలుసు కాబట్టి ఫలితం గురించి నాకు భ్రమలేమీ లేవు. ఒకటో కప్ప ఒంటిగంట పది నిమిషాలకు, రెండోది మరికొంతసేపటికి కదలడం మానేశాయి. మూడోది దాదాపు మూడింటి దాకా నీటి గిన్నె అంచుకు అంటుకుని ఉంది. అప్పటికి కూడా దాని నాళాల్లో ఎరుపు కనిపిస్తూనే ఉంది. మూడూ కాళ్లు బారజాపుకునే చనిపోయాయి.

మిగిలిన నాలుగింటి కోసం సుధారాణి గారికి ఫోన్ చేసి నా ధ్రువపత్రం తప్పని చెప్పాను. ఆమె వాహనాన్ని వెనక్కి పిలిపించారు. వాహనం ఇరవై నిమిషాల్లో వచ్చింది, అదే డ్రైవరు. ఈసారి ఎవరూ హాస్యమాడలేదు. పైడిరాజు మంచుపెట్టెను వాహనంలో పెట్టి, “బావా, గతుకుల్లో నెమ్మదిగా పోనీ,” అని మాత్రం అన్నాడు. ఆ నాలుగూ సంరక్షణ కేంద్రానికి సజీవంగా చేరినట్టు రశీదు వచ్చింది. ఆ తరువాత అవి ఎన్నాళ్లు బతికాయో నాకు తెలియదు. ఉత్తరం రాసి అడిగే హక్కు నా హోదాకు ఉంది. నేను అడగలేదు.

రక్తం సంగతి తరువాత వెదికి చదివాను. ఈ కుటుంబంలోని ఒక కప్ప నిద్రపోయేటప్పుడు రక్తంలోని ఎర్రకణాలలో అధికభాగాన్ని కాలేయంలో దాచుకుని, మేలుకోగానే తిరిగి దేహమంతటికీ వదులుతుందని అప్పటికే ప్రచురితమైంది. శత్రువు కంటపడకుండా ఉండడానికి అది దాని ఉపాయం. ఆ వ్యాసం వచ్చిన పత్రిక మా గ్రంథాలయంలోనే ఉంది. దాని అట్ట మీద స్వీకృతి ముద్ర వేసి, వరుస సంఖ్య రాసి, అరలో పెట్టినది నేనే. లోపలి పుటలు తెరవలేదు. ఈ గుణం మిగతా ప్రజాతుల్లో ఎంతమేరకు ఉందో నేను ఖచ్చితంగా చెప్పలేను. పట్టుబడిన మా కప్పల్లో ఉంది. నేను చూశాను.

మరునాడు సవరించిన ధ్రువపత్రం, దానితోపాటు మూడు పుటల వివరణ పంపాను. రవాణాలో మూడు చనిపోయాయని రాస్తే సరిపోతుంది కదా, విరమణ దగ్గరపడింది కదా అని పై అధికారి ఒకరు ఫోనులో సూచించారు. ఆయన నా మేలు కోరే చెప్పారు. నేను జరిగింది జరిగినట్టే రాశాను. నాలుగు నెలల తరువాత నా సేవా పుస్తకంలో ఒక హెచ్చరిక నమోదైంది. అది న్యాయమే.

మూడు కప్పలూ ఇప్పుడు మా కేంద్రంలో నమూనాలుగా ఉన్నాయి. జాతిని నిర్ధారించడానికి వాటిలో ఒకదానికి అస్థిపంజర పరీక్ష చేశాను. మాంసాన్ని రసాయనాలతో తేటపరచి, ఎముకలకు ఎరుపు, మృదులాస్థికి నీలం రంగు పట్టించి, గ్లిజరిన్‌లో ఉంచి చూడడం ఆ పద్ధతి. దానికి మూడు వారాలు పట్టింది. అతుకుపడిన చీలమండ ఎముకలు, టీ ఆకారపు వేలికొనలు, భుజం మీది ముల్లు అన్నీ వరుసగా కనిపించాయి. పుట్టుకతోనే పారదర్శకమైన ప్రాణిని నేను అర్థం చేసుకోవడానికి మరింత పారదర్శకం చేయవలసి వచ్చింది. మిగిలిన రెండింటి ఎముకల్లోని పచ్చదనం సారాయిలో నెమ్మదిగా కరిగిపోయింది. ఇప్పుడు అవి కూడా మైనం రంగులోనే ఉన్నాయి.

చీటీ రాసే రోజు ఒక చిక్కు వచ్చింది. నమూనా చీటీలో పేరు, స్థలం, తేదీ, సేకర్త, గుర్తించినవారు అనే వివరాలుంటాయి. మా సంప్రదాయం ప్రకారం ప్రాణం తీసి భద్రపరిచినవాడే సేకర్త. అక్కడ నా పేరు రాశాను. స్థలం దగ్గర విశాఖపట్నం ఓడరేవు అని మాత్రమే రాస్తే, వందేళ్ల తరువాత చూసేవారు గాజు కప్పలు ఇక్కడ ఉండేవని పొరబడతారు. అందుకని చీటీ వెనుక నౌక సంగతి రాసి, సజీవంగా ఉండగా ఫార్మలిన్‌లో వేయబడినవి అని చేర్చాను. దాని కింద, ప్రాణం ఉందని ముందే గుర్తించినవారు అని ఒక కొత్త వరుస గీసి, పైడిరాజును పిలిచి, నీ పూర్తి పేరు చెప్పు, రాస్తాను అన్నాను.

అతను చీటీని వెలుతురుకు పట్టి చూశాడు.

“నా పేరెందుకండి సార్. రాత్తే బతుకుతాయేటి?”

ఆ వరుసలో ఇప్పటికీ ఏమీ రాసి లేదు. విరమణ రోజున అతను నాకు నమస్కారం పెట్టి, నా పెట్టె మోసి కారులో పెట్టాడు. నేను వద్దనలేకపోయాను. ఇప్పుడు దువ్వాడలో ఉంటున్నాను. అతను రెండేళ్ల తరువాత విరమించి, ఊళ్లో వరి చేసుకుంటున్నాడని తెలిసింది.

పదవిలో మిగిలిన నెలల్లో నేను ధ్రువపత్రాన్ని మార్చాను. స్థితి మొదటి గడి అయింది. ప్రాణిని దాని సహజమైన మెలకువ వేళ దాకా ఉంచి, ఆ తరువాతనే ఆ గడిని నింపాలని అడుగున రాయించాను. హాజరైన సిబ్బందిలో ఎవరు భిన్నంగా చెప్పినా, వారి హోదాతో పనిలేకుండా రాసేందుకు ఒక గడి చేర్చాను. నా తరువాతి అధికారి పాత పత్రాన్నే మళ్లీ వాడుకలోకి తెచ్చారని విన్నాను. అది చూడడానికి చక్కగా ఉందట. ఆ మాట నిజమే. దాన్ని చక్కగా ఉండేటట్టు తయారుచేసింది నేనే.

ఈ ఉదంతం నాకు నేర్పింది కొద్దిమాటల్లో చెప్పగలను. పేరు రాసిన తరువాత మనం ప్రాణిని చూడము, పేరుకు తగిన లక్షణాలనే చూస్తాము. తగనివన్నీ కుళ్లుగా కనిపిస్తాయి. పేరు తెలియని కప్పను ఒక పూట అలాగే ఉంచడం వల్ల శాస్త్రానికి నష్టమేమీ లేదు. ఆ రోజు విశాఖలో సూర్యాస్తమయం ఆరున్నర దాటాక. అప్పటిదాకా నేను కలం మూసి కూర్చుని ఉంటే, ఆ ఏడూ వాటంతట అవే లేచేవి.